మంచుకు మడియని మొక్కలు

పుష్యమాసపు చలిలో మనుష్యుడు కంబళి కప్పుకొనును. పశువులను కొట్టములోనికి తోలును. నాటిన చోటు విడిచి కదలజాలని మొక్క మాత్రము రాత్రియెల్ల ఆరుబయటనే నిలిచియుండవలెను. అయినను, సైబీరియాలోని వెర్ఖోయాన్‌స్క్ ప్రాంతమున, 1892వ సంవత్సరములో ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 67.8 సెంటీగ్రేడు డిగ్రీలకు పడిపోయిన చోటనే, లార్చి వృక్షముల అడవులు నేటికిని పెరుగుచున్నవి. మన అరటియో, సున్నాకు పైన 10 డిగ్రీలు ఉండగనే ఎదుగుదల మానివేయును. ఈ భేదమునకు కారణమేమి? దీనిని తెలిసికొనుట చలి హెచ్చుగానుండు మన్యపు గ్రామములకును, ఉత్తర తెలంగాణా గ్రామములకును ఎంతయు అవసరము.

చలి మొక్కను చంపు విధము

నీరు గడ్డకట్టునప్పుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరుగును. అందుచేత మొక్కలోని కణములు నిండుసీసాలవలె పగిలి నశించునని పలువురు తలంతురు. వాస్తవము వేరు. మంచు మొదట కణములలోపల గాక, వాని నడుమనుండు సందులలో ఏర్పడును. సందులలోని నీరు పలుచనిది; కణములలోని రసము చిక్కనిది. ఉప్పునీరు మంచినీటికంటె ఆలస్యముగ గడ్డకట్టునట్లే, చిక్కని రసమును ఆలస్యముగ గడ్డకట్టును. ఈలోగా సందులలోని మంచు కణములనుండి నీటిని వెలుపలికి లాగికొనుచుండును. కావున మంచుదెబ్బ తిన్న మొక్క ఒక విధముగ అనావృష్టికి చిక్కిన మొక్కయే. నీరు మితిమీరి పోయినచో కణమును చుట్టియున్న పలుచని పొర చెడును. మంచు కణములోపలనే ఏర్పడినచో ఆ కణమునకు చావు తప్పదు.

మొక్క చేసికొను సన్నాహము

శీతలదేశపు మొక్కలు ఈ ఆపదకు ముందే సిద్ధపడును. పగటివేళ తగ్గి, చలి కొంచెము కొంచెముగ ముదురుచుండగా, అవి లేత చిగుళ్లు వేయుట మానును. కణములలో చక్కెరలు చేరి రసమును మరింత చిక్కబరచును. కణపు పొరలోని కొవ్వులును మారును. చలికి నేయి పేరుకొనును గాని నువ్వులనూనె పేరుకొనదు గదా! మొక్కయు తన పొరలోని కొవ్వును నేతివంటి స్థితినుండి నూనెవంటి స్థితికి మార్చుకొనును. చలికాలపు రై పైరులో కొన్ని మాంసకృత్తులు పుట్టి, మంచుపలుకులు పెద్దవి కాకుండ అడ్డగించును.

ఈ సన్నాహమునకు కొన్ని దినములనుండి కొన్ని వారములవరకు పట్టును. అది పూర్తియైనచో మొక్కకు కలుగు బలము ఆశ్చర్యకరము. జపాను శాస్త్రజ్ఞుడు అకీరా సకాయ్, చలికి అలవడిన చెట్లకొమ్మలను ముందుగా క్రమముగ గడ్డకట్టించి, పిదప సున్నాకు దిగువ 196 డిగ్రీలలో ఉంచినను అవి బ్రదికినట్లు 1960లో ప్రకటించెను. సన్నాహము లేని మొక్కను హఠాత్తుగ వచ్చిన స్వల్పమైన మంచుయే చంపగలదు.

మన పంటల సంగతి

ఉష్ణదేశపు పంటలకు ఈ విద్య అలవడలేదు. 1975 జూలైలో బ్రెజిలు దేశపు పరానా రాష్ట్రమున కురిసిన మంచు అచ్చటి కాఫీతోటలను నాశనము చేయగా, ప్రపంచమంతట కాఫీ ధర పెరిగినది. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో వేలాది గిరిజన కుటుంబములకు కాఫీయే జీవనాధారము. ఆ జిల్లాలోని లంబసింగి ప్రాంతమున కొన్ని సంవత్సరములలో ఉష్ణోగ్రత సున్నా దాపునకు దిగుచుండును. అచ్చట కాఫీని సిల్వర్‌ఓక్ మొదలగు చెట్లనీడన పెంచుట ఎండనుండి రక్షించుటకు మాత్రమే కాదు. నిర్మలమైన రాత్రులందు భూమి వేడి ఆకాశమునకు పోవుచుండగా, పైనున్న కొమ్మలు దానిని కొంత నిలుపును.

పంచాయతీలు గమనింపవలసినవి

చల్లనిగాలి నీటివలె పల్లమునకు పారి నిలుచును. కావున నారుమళ్లను లోయ అడుగున గాక, వాలుమీద ఏర్పరుపవలెను.

గాలి లేని, మబ్బు లేని రాత్రి మంచు భయము హెచ్చు. వాతావరణశాఖ హెచ్చరిక అందిన సాయంకాలమే పైరునకు పలుచగ నీరు పెట్టవలెను. తడినేల పగటివేడిని హెచ్చుగ నిలువజేసికొని రాత్రి విడుచును.

లేతనారుపై రాత్రి గడ్డితోగాని గోనెలతోగాని కప్పి, ప్రొద్దు పొడిచిన పిమ్మట తీసివేయవలెను. పొగ పెట్టుట వాడుకయే గాని, గాలి కదలినచో పొగ నిలువదు, దానినొక్కదానినే నమ్మియుండరాదు.

చలికి ముందు నత్రజని ఎరువులు మితిమీరి వేయరాదు; లేతచిగుళ్లు మంచుకు తొలుత బలియగును. దెబ్బతిన్న కొమ్మలను వెంటనే నరుకరాదు. కొన్నాళ్లు వేచి, చిగుళ్లు ఎచ్చట వచ్చునో చూచి, ఎండిన భాగమునే తీయవలెను.

ఈ పనులకు ధనవ్యయము స్వల్పము. కార్తీకములోనే నారుమడి యున్న స్థలమును, కప్పుటకు గడ్డిని, నీటివసతిని పంచాయతీ సభ్యులు ఒకమారు పరిశీలించియుంచినచో, పుష్యములో రైతు నిశ్చింతగ నిద్రింపగలడు. శీతలదేశపు వృక్షము చేయుచున్న పనియు ఇదియే: చలి రాకముందే సిద్ధపడుట.