అప్పు పుట్టాలంటే 'సిబిల్' మార్కులు చూస్తున్నారు!

ఒకప్పుడు అప్పు కోసం వచ్చిన రైతు సంగతి షావుకారు తన చిట్టా, ఆవర్జా తిరగవేసి తేల్చేవాడు. ఇప్పుడు బ్యాంకు మేనేజరు పాసుపుస్తకం చేతిలోకి తీసుకోకముందే కంప్యూటరులో మరొక లెక్క చూస్తున్నాడు. "మీ సిబిల్ బాగాలేదు" అన్న ఒక్క మాటతో ట్రాక్టరు రుణానికి, పాడిగేదెల రుణానికి, పిల్లల చదువు రుణానికి వెళ్ళినవారు ఉత్త చేతులతో తిరిగి వస్తున్నారు. తాము చేసిన తప్పేమిటో వారిలో చాలామందికి తెలియదు.

సిబిల్ అన్నది 2000లో ఏర్పడిన ఒక సంస్థ పేరు. ఇటువంటి సంస్థలు దేశంలో నాలుగు వున్నాయి. 2005 నాటి చట్టం ప్రకారం బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తమ వద్ద అప్పు తీసుకున్నవారి వివరాలను వీటికి పంపుతాయి. ఆ వివరాలను బట్టి 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తారు. 750 దాటితే సాధారణంగా రుణానికి ఇబ్బంది వుండదు. ఆస్తి ఎంత వున్నదీ ఇందులో లెక్కకు రాదు. పదెకరాల మాగాణి వున్న ఆసామి కంటే సెంటు భూమి లేని కూలీకి ఎక్కువ మార్కులు వుండవచ్చు. వాయిదా గడువులోగా కట్టారా లేదా అన్నదే ప్రధానం. పరపతి అంటే ఊళ్ళో పలుకుబడి. బ్యాంకులో దాని అర్థం ఇంతే!

ఇందులో ఒక అన్యాయం కూడా లేకపోలేదు. షావుకారుకు ఇరవై ఏళ్ళు పైసా బాకీ లేకుండా కట్టిన కౌలు రైతుకు ఒక్క మార్కూ రాదు. ఆ లెక్క ఎక్కడా ఎక్కదు మరి.

నష్టం ఎంతో చూస్తే విషయం బోధపడుతుంది. మూడు లక్షల లోపు పంట రుణాన్ని గడువులోగా చెల్లించిన రైతుకు కేంద్ర రాయితీలు పోను పడే వడ్డీ 4 శాతం. లక్షకు ఏడాదికి నాలుగు వేలు. అదే లక్ష బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఇరవై నాలుగు వేలు.

మాఫీ మీద ఆశతో వాయిదాలు ఆపినవారు ఎక్కువగా దెబ్బతిన్నారు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రకటించిన మాఫీ సొమ్ము ఒక్కసారిగా రాలేదు, విడతలుగా వచ్చింది. ఈలోగా గడువు దాటిపోయింది. మాఫీ ప్రభుత్వం ఇచ్చే మాట. గడువు దాటిన సంగతి రైతు పేరు మీద నమోదయ్యే మాట. మాఫీ వస్తుందో రాదో తేలేవరకు కనీసం వడ్డీ కట్టి రుణాన్ని తిరగరాయించుకున్నవారే కొంత నయం.

ఇక పూచీ సంతకాలు. బావమరిది మోటారు సైకిలుకో, పక్కింటివారి ట్రాక్టరుకో మొహమాటానికి చేసిన సంతకం కూడా చిట్టాలో ఎక్కుతుంది. అవతలివారు కట్టకపోతే పూచీ పడ్డవారిదీ అంతే బాధ్యత. తాను ఒక్క రూపాయి వాడుకోకుండానే మార్కులు పోతాయి. రాజీ పద్ధతిలో కొంత తగ్గించి కట్టినా బాకీ పూర్తిగా తీరినట్టు రాయరు, "సెటిల్" అయినట్టు రాస్తారు. తరువాత వచ్చే బ్యాంకు ఆ మాటను తేలికగా తీసుకోదు. పొదుపు సంఘాల మహిళలు కూడా తమ వంతు వాయిదాలకు రసీదులు దాచుకోవాలి. సంఘం రుణంలో ఏ సభ్యురాలి వాటా ఎంత అన్నది కూడా యీ సంస్థలకు చేరుతోంది.

తమ మార్కులు ఎంతో తెలుసుకునే హక్కు అందరికీ వుంది. ప్రతి సంస్థా ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తీరిన అప్పు తీరనట్టుగా, ఎవరిదో బాకీ తమ పేరున కనబడితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. అప్పటికీ పని జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. ఫోను నంబరు 14448.

ఇంతవరకు ఎక్కడా అప్పు తీసుకోనివారికి మార్కులే వుండవు. ఆ ఒక్క కారణంతో దరఖాస్తును తిరస్కరించరాదని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. అలా తిప్పి పంపితే కారణం కాగితం మీద రాసివ్వమని అడగడం మంచిది.