కాడ్మియానికి గడ్డి కట్టు

పురుగుమందులు మట్టిలో పడితే వాటిలో చాలావాటిని సూక్ష్మజీవులు ఎప్పటికైనా విరగ్గొడతాయి. కాడ్మియం అలా కాదు. అది మూలకం, కుళ్లదు, విరగదు. గనుల వ్యర్థాల నుంచో, జింకు కరిగించే కర్మాగారాల పొగ నుంచో, ఫాస్ఫేట్ ఎరువుల్లో కల్మషంగానో పొలానికి చేరిందంటే ఇక అక్కడే తిష్ఠ. జపాన్‌లో జింజూ నది నీటితో పండిన బియ్యం తిన్నవాళ్లకు మూత్రపిండాలు చెడి, ఎముకలు పెళుసెక్కాయి. పైనున్న గని నుంచి వచ్చిన కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ప్రకటించింది.

చైనాలో 2014లో వెలువడిన జాతీయ నేలల సర్వేలో 7 శాతం నమూనాల్లో కాడ్మియం పరిమితి దాటింది. అందుకే అక్కడి సిచువాన్ ప్రావిన్స్ శాస్త్రవేత్తలు కాడ్మియం కలిపిన కుండీల్లో పండ్ల మొక్కలు పెంచి, ఆ మట్టిలో రకరకాల మొక్కల ఎండు కాడలు, అంటే గడ్డి కలిపి, మొక్కలోకి చేరే కాడ్మియం తగ్గుతుందేమోనని పరీక్షిస్తున్నారు.

వేరు కాడ్మియాన్ని కోరి తీసుకోదు. జింకు, ఇనుము, మాంగనీసు, కాల్షియం కోసం ఉన్న దారుల్లోనే అదీ దూరుతుంది. దాని అయాను పరిమాణంలో దాదాపు కాల్షియం అయానంతే ఉంటుంది, విద్యుదావేశమూ అంతే. అయితే అలా దూరగలిగేది మట్టి నీటిలో కరిగి ఉన్న కాడ్మియం మాత్రమే. గడ్డి చివికి హ్యూమస్‌గా మారినప్పుడు అందులోని కార్బాక్సిల్, ఫీనాల్ సమూహాలు ఆ అయాన్లను పట్టేసుకుంటాయి. వేరు పక్కనే లోహం ఉన్నా దానికి అందదు.

ఏ గడ్డి, ఎంత చివికింది అన్నదే ఇక్కడ అసలు సంగతి. సగం కుళ్లిన గడ్డి నుంచి ఊరే చిన్న సేంద్రియ ఆమ్లాలు కాడ్మియాన్ని కరిగించి, వేరు దగ్గరకు మోసుకొచ్చే ప్రమాదం ఉంది. పైగా పచ్చి వరిగడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని వాడేసుకుంటాయి, లేత మొక్క పసుపెక్కుతుంది. మన చేలగట్ల మీద మొలిచే కామంచి కాడ్మియాన్ని విపరీతంగా ఆకుల్లో కూడబెట్టే మొక్క. కలుషిత నేలలో పెరిగిన దాని కాడల్ని మట్టిలో కలిపితే, పీల్చిన లోహమంతా తిరిగి అక్కడికే చేరుతుంది. కలుషిత పొలంలో కోసిన వరిగడ్డి సంగతీ అంతే. శుభ్రమైన నేలలో పండిన గడ్డినే, బాగా మాగాక వాడాలి.

ఇంత చేసినా లోహం మట్టిలోంచి పోదు, కట్టుబడి ఉంటుందంతే. హ్యూమస్ అరిగినా, నేల ఆమ్లత పెరిగినా ఆ కట్టు సడలుతుంది. అందుకే గడ్డి వేసిన తోటలో మట్టి పీహెచ్ చూసుకుంటూ, తగ్గినప్పుడు సున్నం చల్లుతూ, ఆకులనూ పండ్లనూ పరీక్షకు పంపుతూ ఉండాలి.