24 గంటల నొప్పి తర్వాత వచ్చే రిపోర్టు

బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు పొత్తికడుపులోకి దిగే నొప్పిని తెలుగు పల్లెల్లో ‘24 గంటల నొప్పి’ అంటారు. డాక్టర్లు అపెండిసైటిస్ అంటారు. దీని వెనుక అరుదుగా మరొకటి దాగి ఉంటుంది: అపెండిక్స్‌లోనే పెరుగుతున్న కణితి. ఆపరేషన్ చేసి తీసిన అపెండిక్స్‌లలో సుమారు నూటికి ఒకదానిలో ఇది కనిపిస్తుంది. చాలాసార్లు అది బయటపడేది ఆపరేషన్ సమయంలో కాదు. కొన్ని రోజుల తర్వాత, ముక్క పరీక్షలో.

ఛత్తీస్‌గఢ్‌లోని తర్లగూడ వంటి ఊళ్లకు చిక్కు ఇక్కడే. బస్తర్ డివిజన్ బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న ఊరిది. పెద్ద ఆసుపత్రి కావాలంటే ఒకవైపు జగదల్‌పూర్ దాకా పోవాలి. లేదంటే వాజేడు మీదుగా గోదావరి దాటి వరంగల్ చేరాలి. కుట్లు విప్పి, నొప్పి పోయి ఇంటికి చేరినవారు ఒక కాగితం కోసం మళ్లీ అంత దూరం వెళ్లడం తేలిక కాదు. కానీ అసలు రోగనిర్ధారణ ఆ కాగితంలోనే ఉంటుంది.

స్కానింగ్‌లో ముందే తెలియదా? అపెండిక్స్ చిటికెన వేలంత గొట్టం. మామూలుగా దాని మందం 6 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. అది 15 మిల్లీమీటర్లు దాటితే లోపల జిగురు పేరుకుందేమోనని అనుమానిస్తారు. సీటీ స్కాన్‌లో గోడ వెంట సున్నపు గీతలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. చిన్న కణితులు మాత్రం వాపులో కలిసిపోయి స్కాన్‌కు చిక్కవు.

కణితులన్నీ ఒకటి కావు. న్యూరోఎండోక్రైన్ కణితులు నెమ్మదిగా, ఎక్కువగా గొట్టం కొసన పెరుగుతాయి. క్యాన్సర్‌ను పోలినవన్న అర్థంలో వీటికి 1907లో జర్మన్ పాథాలజిస్టు ఓబెర్న్‌డోర్ఫర్ ‘కార్సినాయిడ్’ అని పేరుపెట్టారు. సెంటీమీటరు లోపుంటే సాధారణంగా అపెండిక్స్ తీయడమే పూర్తి చికిత్స. 2 సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు కుడిభాగాన్ని, దాని లింఫ్ గ్రంథులను కూడా తీస్తారు. మధ్య సైజుపైనే ఇన్నేళ్లూ వాదన. ఐరోపాలోని 40 ఆసుపత్రుల్లో 278 మంది రోగుల వివరాలను పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. 1 నుంచి 2 సెంటీమీటర్ల కణితులకు పెద్ద ఆపరేషన్ వల్ల అదనపు మేలు కనిపించలేదని అది తేల్చింది. ‘కణితి’ అన్న మాట చూసి రిపోర్టును దాచేసేవారికి ఇది తెలియడం మంచిది. అడినోకార్సినోమా అయితే లెక్క వేరు. అది పేగు క్యాన్సర్‌లాంటిదే, సాధారణంగా కుడి పేగు తీయాల్సిందే.

జిగురు కణితుల తీరు ఇంకా విచిత్రం. అపెండిక్స్ పగిలితే జిగురుతోపాటు కణాలు పొట్టంతా పరుచుకుంటాయి. ఏళ్ల తరబడి పొట్ట ఉబ్బుతుంది. ఆడవారిలో దాన్ని అండాశయ గడ్డగా పొరబడటమూ ఉంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు సర్జన్ అపెండిక్స్‌ను చిట్లనీయకుండా సంచిలో పెట్టి బయటికి తీస్తారు. వ్యాపించాక చికిత్స చాలా పెద్దది. కనిపించిన ప్రతి మచ్చనూ గంటల తరబడి ఒలిచి తీసి, 41 నుంచి 43 డిగ్రీల వేడిలో కీమో మందును పొట్టలో గంట, గంటన్నర తిప్పుతారు. అమెరికా సర్జన్ పాల్ షుగర్‌బేకర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతి హైదరాబాద్‌లోనూ ఉంది. 1993లో నటి ఆడ్రీ హెప్‌బర్న్‌ను బలిగొన్నది అపెండిక్స్‌లో పుట్టి ఇలా పొట్టలో వ్యాపించిన క్యాన్సరే.

ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లతో నొప్పి తగ్గినవారి మాటేమిటి? అపెండిక్స్ చుట్టూ చీముగడ్డ కట్టి, మందులతో తగ్గిన 60 మందిపై ఫిన్లాండ్ వైద్యులు ఒక పరీక్ష చేపట్టారు. ఐదో వంతు మందిలో కణితులు తేలడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. 2019లో ప్రచురించిన వివరాల ప్రకారం ఆ కణితులున్నవారంతా 40 దాటినవారే. అంటే 40 దాటినవారికి చీముగడ్డ మందులతో కరిగినా కథ ముగిసినట్టు కాదు. తర్వాత సీటీ స్కాన్, కొలొనోస్కోపీ చేయించాలి, అపెండిక్స్ తీయించడం గురించీ డాక్టరుతో మాట్లాడాలి.

రిపోర్టులో కణితి రకం, సైజు, కోసిన అంచులో కణాలు మిగిలాయా, గొట్టం పగిలిందా అన్నవి ఉండాలి. అనుమానముంటే స్లైడ్లు, మైనపు దిమ్మె ల్యాబ్‌ను అడిగి తీసుకోవచ్చు. రోగి తర్లగూడలోనే ఉన్నా, ఇంట్లో ఒకరు వాటిని వరంగల్‌కో హైదరాబాద్‌కో తీసుకెళ్లి మరో పాథాలజిస్టుకు చూపించవచ్చు.