హుస్సేన్ సాగర్ తీరాన ఛాయాచిత్రణం

జంటనగరాల వారికి హుస్సేన్ సాగర్‌ను కొత్తగా పరిచయం చేయనవసరం లేదు. అయితే నిత్యం కంటబడే దానిని నిదానించి చూడటం అంత సులభం కాదు. ఛాయాచిత్ర కళపై అభిరుచి గల విద్యార్థులతో కలసి మేము ఒకనాడు ఉదయం మొదలు సాయంకాలం వరకు ఆ తీరాన గడిపాము. అక్కడ గమనించిన విషయాలను, వాటి వెనుకనున్న కారణాలను ఇక్కడ వివరించ తలచాము.

ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562 ప్రాంతంలో, హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు నిర్మితమైంది. 1591లో హైదరాబాదు నగరం వెలియడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే ఈ నీరు ఇక్కడ ఉన్నదన్నమాట. చెరువు నడుమ నిలిచిన బుద్ధ విగ్రహం ఎత్తు సుమారు 58 అడుగులు. రాయగిరి వద్ద ఏకశిలగా మలచిన ఆ విగ్రహాన్ని 1990 మార్చిలో నీటి మీదుగా తరలిస్తుండగా పడవ ఒరిగి, పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరులో ప్రతిష్ఠించారు.

ఛాయాచిత్రానికి మూలాధారం కాంతి. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వల్ల చూపు కలుగుతుందని ప్రాచీనులలో పలువురు భావించేవారు. బస్రాలో జన్మించి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్, వేయి సంవత్సరాల క్రితం రచించిన కితాబుల్ మనాజిర్‌లో ఆ వాదాన్ని ఖండించి, వస్తువు నుండి వచ్చే కాంతియే కంటిని చేరుతుందని నిరూపించాడు. చీకటి గదికి చిన్న రంధ్రముంచి, ఎదుట దీపాలను నిలిపి ఆయన ప్రయోగాలు చేశాడు. కెమెరా అనే లాటిన్ పదానికి గది అనియే అర్థం. మన జేబులోని ఫోనులో ఉన్నది కూడా అటువంటి చీకటి గదియే.

ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పున ఉన్నది. కనుక ఉదయం గట్టు మీద నిలిచినవారికి సూర్యుడు వెనుక ఉంటాడు. విగ్రహం మీద వెలుగు నేరుగా పడి, చెక్కడపు వివరాలు స్పష్టమవుతాయి. సాయంకాలం సూర్యుడు ఎదురవుతాడు. అప్పుడు ఆకాశపు వెలుగును బట్టి కెమెరాను సరిచేస్తే విగ్రహం నల్లని నీడగా మారుతుంది. విగ్రహాన్ని బట్టి సరిచేస్తే ఆకాశం తెల్లబోతుంది. రెండింటినీ ఒకేసారి కోరుకొనేవారు సూర్యుడు అస్తమించిన కొద్ది నిమిషాల వరకు వేచి ఉండాలి. అప్పుడు ఆకాశపు వెలుగుకూ విగ్రహంపై వెలుగుకూ నడుమ వ్యత్యాసం తగ్గుతుంది.

గాలి తక్కువగా ఉండే వేకువలో నీరు అద్దం వలె ఉంటుంది. కెమెరాను నీటికి దగ్గరగా దించితే ప్రతిబింబం మరింత చక్కగా అమరుతుంది. నీటి అంచు రేఖ ఏమాత్రం వాలినా చెరువు ఒలికిపోతున్నట్లు కనిపిస్తుంది. విశాలమైన నీటి నడుమ విగ్రహం చిన్నదై తోచినప్పుడు, దాని సమీపాన సాగే పడవను కూడా చిత్రంలో చేర్చితే చూపరికి ప్రమాణం తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినది నేర్పు. ఇక చెప్పవలసినది నీతి. చిత్రానికి నాలుగు అంచులున్నాయి. ఆ అంచుల లోపల ఏది ఉండాలో, వెలుపల ఏది మిగలాలో నిర్ణయించేది మనమే. కూకట్‌పల్లి నాలా వంటి కాలువల ద్వారా దశాబ్దాలుగా మురుగునీరు, పరిశ్రమల వ్యర్థాలు ఈ చెరువులో చేరాయి. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువులై నీటిని పచ్చబరుస్తాయి. ఒకనాడు నగరానికి తాగునీరిచ్చిన చెరువు ఇది! మాతో వచ్చిన విద్యార్థులు తీసిన చిత్రాలలో అస్తమయాలు అనేకం. పచ్చని నీరు, ఒడ్డున పేరుకొన్న చెత్త కనిపించినవి రెండే. వాసనను ఏ చిత్రమూ చూపలేదు. అందమైన చిత్రం అబద్ధం కాదు. కాని అదొక్కటే మిగిలితే, రాబోయే తరాలు దానినే పూర్తి సత్యమని నమ్ముతాయి.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన తీసిన చిత్రాలు నేడు దక్కను చరిత్రకు సాక్ష్యాలు. అటువంటి సాక్ష్యాన్ని మన విద్యార్థులు కూడా సమకూర్చగలరు. ఏటా అదే నెలలో, అదే గంటకు, గట్టు మీద అదే చోట నిలిచి రెండు చిత్రాలు తీయాలి: ఒకటి విగ్రహం వైపు, ఒకటి కాళ్ల కింది నీటి వైపు. వెనుక తేదీ, వేళ, నిలిచిన చోటు ఉర్దూ, తెలుగు భాషలలో వ్రాయాలి. వీటిని భద్రపరచడానికి గ్రంథాలయంలో ఒక బీరువా అర కేటాయించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాము. పది సంవత్సరాల తరువాత ఆ ఇరవై చిత్రాలను వరుసగా పేర్చి చూచినవారికి, చెరువు బాగుపడినదో లేదో వేరొకరు చెప్పనక్కరలేదు.