వాడ గడప తొక్కమన్న కార్డినల్

హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు 2022 ఆగస్టు 27న రోమ్‌లో పోపు ఫ్రాన్సిస్ చేతుల మీదుగా కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో ఆయనే మొదటివారు, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. జగదేవ్‌పూర్ సహా పూర్వపు మెదక్ జిల్లా ఊళ్ల కతోలికులకు పీఠాధిపతి ఆయనే. ఆ ఎర్రటోపీకి మన నేలతో ఉన్న పాత సంబంధం ఏమిటో ఈ సంచికకు రాయమన్నారు సంపాదకులు. వెనక్కి వెళ్తే కనిపించే కార్డినల్ షార్ల్ తోమా మయ్యార్ ద టూర్నోన్. ఆయన జీవితమంతటిలోనూ నేటికీ ప్రాణమున్నది 1704 జూన్ 23న పుదుచ్చేరిలో ఆయన ఇచ్చిన ఆజ్ఞాపత్రం. అందులోనూ ఒకే ఒక్క అంశం. మన ఆచారాలు తెలియక చెడగొట్టిన పరదేశిగా టూర్నోన్‌కు పేరుంది. ఆ పేరులో సగం నిజం. ఆ ఒక్క అంశాన్ని బట్టి చూస్తే, తనకంటే మన భాషలు బాగా తెలిసిన జెస్విట్ గురువుల కంటే ఆయనే న్యాయంగా ఆలోచించాడన్నది నా వాదన.

ముందు చరిత్ర, క్లుప్తంగా. టూర్నోన్ 1668లో ఇటలీలోని టురిన్‌లో పుట్టాడు. 1701లో పోపు పదకొండవ క్లెమెంట్ ఆయన్ని భారత్‌కు, చైనాకు తన ప్రతినిధిగా ఎంచాడు. 1703 నవంబరు 6న పుదుచ్చేరిలో దిగాడు. అప్పటికే జెస్విట్ సభకు చెందిన ఫ్రెంచి గురువులు ‘కర్ణాటక మిషన్’ పేరుతో ఉత్తరానికి సాగి తెలుగు సీమలోకి అడుగుపెడుతున్నారు. మాంసం ముట్టకుండా, కాషాయం కట్టి, బ్రాహ్మణ సన్యాసుల్లా బతికేవారు. పుదుచ్చేరిలోని కపుచిన్ అనే మరో సభ గురువులకు ఇది నచ్చలేదు. తగవు తీర్చాల్సిన బాధ్యత టూర్నోన్ మీద పడింది.

ఆజ్ఞాపత్రం నిండా నిషేధాలే. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి వద్దు, నూట ఎనిమిది పోగుల పసుపుతాడు వద్దు, పెళ్లిలో కొబ్బరికాయ కొట్టి శకునం చూడొద్దు, రజస్వల వేడుక వద్దు, నుదుట విభూతి వద్దు. జ్ఞానస్నానంలో ఉమ్మి తాకించే క్రియను మాత్రం, ఇక్కడివాళ్లకు ఎంత రోత కలిగినా, మానొద్దన్నాడు. ఈ జాబితా చదివితే ఏ తెలుగు ఇంటివారికైనా మనసు చివుక్కుమంటుంది. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టే తల్లి ఏమనుకుని కొడుతుందో ఆయన ఎన్నడూ ఆమెను అడగలేదు.

వీటి మధ్యలోనే ఆ ఒక్క అంశం ఉంది: అంటరానివారిగా చూసిన పరయ కులంలో జబ్బుపడినవారి గురించి. చావుబతుకుల్లో ఉన్న పరయ క్రైస్తవుడి ఇంటికి గురువు వెళ్లేవాడు కాదు. వెళ్తే పై కులాలవారి దృష్టిలో మైలపడతాడు. రోగినే బయటికి మోసుకొస్తే అక్కడ, రోగికి నూనె పూసి ఇచ్చే సంస్కారమైన అవస్థాభ్యంగనం ఇచ్చేవాడు. టూర్నోన్ దీన్ని ఒప్పుకోలేదు. గొప్ప కులంలో పుట్టిన హిందూ వైద్యులు సైతం శరీరానికి మందివ్వడానికి అతి తక్కువ కులాల రోగుల దగ్గరికి వెళ్తున్నప్పుడు, ఆత్మకు వైద్యం చేసేవారు ఎలా నిరాకరిస్తారన్నది ఆయన తర్కం. ఆ ఇళ్లకు వెళ్లి తీరాలని ఆదేశించాడు. గమనించండి: ఇక్కడ ఆయన ఐరోపాను ప్రమాణంగా చూపలేదు. ఈ నేల మీది వైద్యుణ్నే ఆదర్శంగా నిలబెట్టాడు. మిగతా అంశాల్లో చాలావరకు భక్తులను మారమన్నాయి. ఇది గురువునే మారమంది.

ఆయనకు ఏం తెలుసని అడిగేవారున్నారు. ఎనిమిది నెలలున్నాడు, చాలాకాలం జబ్బుతో ఉన్నాడు, లోపలి ఊళ్లకు వెళ్లనేలేదు. నిజమే. కానీ ఆయనకు వివరాలు చెప్పింది కర్ణాటక మిషన్ పెద్ద బూషే, మదురై మిషన్ గురువు బెర్తోల్ది. అంటే ఆ పద్ధతిలో పనిచేస్తున్నవాళ్లే. పైగా తాళి అర్థం తెలియాలంటే దేశం తెలియాలి గానీ, ప్రాణం పోతున్నవాడి దగ్గరికి పోవాలని తెలియడానికి ఏ దేశమూ తెలియక్కర్లేదు.

జెస్విట్ల సమాధానం ఇంతకంటే బరువైనది. గురువు వాడలోకి వెళ్తే పై కులాలవారు గుడి వదిలిపోతారు, మిషనే కూలిపోతుంది, అప్పుడు పరయలకూ గురువు మిగలడు. ఇది వట్టి సాకు కాదు; ఆనాటి ఊళ్లలో నిజంగా ఉన్న భయం. అయినా ఆ లెక్కలో మూల్యం చెల్లించేది ఎప్పుడూ మంచంలో ఉన్న పేదవాడే. మిషన్ నిలబడ్డానికి ఒకడి గౌరవం ప్రతిసారీ తాకట్టు పడుతుంటే, ఆ మిషన్ ఎవరికోసమో అడగక తప్పదు.

తర్వాత ఏమైంది?
ఆజ్ఞాపత్రం జెస్విట్ల చేతికందిన మూడు రోజులకే, 1704 జులై 11న, టూర్నోన్ ఓడెక్కాడు. చైనాలో పితృపూజ విషయంలో కాంగ్‌షీ చక్రవర్తికి ఆగ్రహం తెప్పించాడు. మకావులో పోర్చుగీసులు నిర్బంధించారు. 1707 ఆగస్టు 1న పోపు ఆయన్ని కార్డినల్‌ను చేశాడు. నిర్బంధంలోనే 1710 జూన్ 8న చనిపోయాడు, వయసు 41.

ఆ అంశం అమలైందా అంటే, సగమే. 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్ట్ టూర్నోన్ ఆజ్ఞను ఖాయం చేస్తూనే, పరయలకు వేరే గురువులను పెడతామన్న జెస్విట్ల ప్రతిపాదనకు ఒప్పుకున్నాడు. రోగి ఇంటికి గురువు వచ్చాడు గానీ, గురువుల్లోనే రెండు వరసలు ఏర్పడ్డాయి. అందుకే 2022ను టూర్నోన్ విజయమనలేం. కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టి, 1992లో కడప మేత్రాసనానికి గురువై, 2008లో కర్నూలు పీఠం, 2021లో హైదరాబాద్ పీఠం అధిష్ఠించిన పూల ఆంతోని గారి ఎదుగుదలకు కారణాలు వేరే ఉన్నాయి. కానీ వాడలోకి గురువు వెళ్లొచ్చా అన్న ప్రశ్న, వాడ నుంచి వచ్చిన గురువు 2025 మేలో పోపును ఎన్నుకునే సభలో కూర్చోవడంతో తలకిందులైంది.

రాజ్యం మాత్రం ఇంకా కదల్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే తప్ప క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా లేదు. అది ఢిల్లీలో తేలాల్సిన సంగతి. మన చేతిలో ఉన్నది ఇంకొకటి. జగదేవ్‌పూర్ చుట్టుపక్కల విచారణల పెద్దలకు ఒక మనవి: ఈ నెల గురువుగారు రోగుల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లేటప్పుడు, ఆ జాబితాలో వాడ పేర్లు ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. లేకపోతే రాయించండి.