సీడీ ప్లేయరు మొరాయిస్తోందా?

షోకేసు అడుగున ఉన్న సీడీ ప్లేయరు దుమ్ము దులిపి, చాలా రోజుల తర్వాత ఒక డిస్కు పెట్టారు. ట్రే లోపలికి వెళ్ళింది. చిర్రు చిర్రుమని రెండు మూడుసార్లు చప్పుడైంది. చివరికి ‘నో డిస్క్’ అని అక్షరాలు వెలిగాయి. పెట్టిన డిస్కును లేదంటుందేమిటని విసుగొచ్చి, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామనుకుంటున్నారా? కాస్త ఆగండి. మీరు పెట్టింది మీ పెళ్ళి సీడీ అయితే, తప్పకుండా ఆగండి!

పాత ప్లేయర్లకు వచ్చే జబ్బుల్లో చాలావరకు మురికి వల్లా, ఎండిపోయిన గ్రీజు వల్లా వచ్చేవే. కొన్ని ఇంట్లోనే నయమవుతాయి. ఇంట్లో రాయించుకున్న డిస్కుల సంగతి వేరు. అవి ఒకసారి పాడైతే బాగుచేసేవాళ్ళు లేరు. అందుకే ఈ పని వాయిదా వెయ్యకండి.

లోపల ఏం జరుగుతుంది?

సోనీ కంపెనీ మొదటి సీడీ ప్లేయరును 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. అప్పటినుంచీ డిస్కు కొలత ఒకటే, 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం. పాట అందులో కంటికి కనపడని గుంటల వరసగా ఉంటుంది. తల వెంట్రుక మందంలో ముప్పై, నలభై వరసలు ఇమిడిపోతాయి. ప్లేయరులో శనగగింజంత లెన్సు ఒకటి ఉంటుంది. అందులోంచి వెళ్ళిన లేజరు కాంతి డిస్కుకు తగిలి వెనక్కి వస్తే, దాన్నిబట్టి ప్లేయరు పాట చదువుతుంది. ముందుగా డిస్కు మధ్య రంధ్రం పక్కనున్న విషయసూచిక చదివి, అక్కణ్ణించి అంచు వైపు వెళుతుంది. విషయసూచిక దొరక్కపోతే డిస్కే లేదనుకుంటుంది. ‘నో డిస్క్’ అనడంలో అర్థం ఇదే.

మన బెజవాడ ఎండాకాలపు దుమ్ము, డెల్టా ఊళ్ళలో వానాకాలపు చెమ్మ, పోపు పొగ జిడ్డు, అగరొత్తుల పొగ అన్నీ చేరేది ఆ లెన్సు మీదికే. మీ కళ్ళజోడుకు జిడ్డంటితే ఎలా ఉంటుందో, దానికీ అంతే.

తప్పు ప్లేయరుదా, డిస్కుదా?

ముందు ఇది తేల్చుకోండి. కంపెనీ డిస్కులు రెండు, ఇంట్లో రాయించినవి రెండు తీసుకుని ఒక్కొక్కటే పెట్టి చూడండి.

* ఒక్క డిస్కే ఆడకపోతే తప్పు డిస్కుదే.
* ఏదీ ఆడకపోతే లెన్సు మురికి అయివుండొచ్చు. లేదా లేజరు నీరసించి వుండొచ్చు.
* కంపెనీవి ఆడి, రాయించినవి ఆడకపోతే లేజరు బలహీనపడుతోందని అనుమానించాలి. రాసి చెరిపే రకం డిస్కు కాంతిని బాగా తక్కువగా వెనక్కి పంపుతుంది. పాత ప్లేయర్లు చాలా దాన్ని అసలు చదవలేవు.
* ఎంపీ3 డిస్కు, వీసీడీ మామూలు ఆడియో ప్లేయరులో ఆడవు. అది జబ్బు కాదు.
* మొదటి పాటలు బాగానే వచ్చి, చివరివి తడబడుతుంటే డిస్కు అంచు చూడండి. అక్కడ గీతలూ, మరకలూ లేకపోతే లెన్సు జరిగే పట్టాల మీద గ్రీజు ఎండి గట్టిపడి ఉంటుంది.
* ట్రే రాకపోయినా, వచ్చి మళ్ళీ వెళ్ళకపోయినా లోపలి రబ్బరు బెల్టు సాగి ఉంటుంది. మెకానిక్కుకు ఇది చిన్న పనే.

ఏసీ గదిలోంచి ప్లేయరును ఉక్కగా ఉన్న హాల్లోకి తెస్తే లెన్సు మీద తేమ పడుతుంది. అలాంటప్పుడు డిస్కు తీసేసి, గంటా రెండు గంటలు వదిలెయ్యండి. చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

డిస్కుకు స్నానం

డిస్కును అంచుల దగ్గరే పట్టుకోండి. దుమ్ముంటే మెత్తని పొడిబట్టతో తుడవండి. వేలిముద్రలు, జిడ్డు ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, వేళ్ళతో సున్నితంగా కడగండి. మంచినీళ్ళతో తొలిచి, పాత నూలు చీరముక్కతో అద్ది నీడలో ఆరనివ్వండి.

ముఖ్యమైన సంగతి. మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు. అడ్డంగా పడ్డ చిన్న గీతను ప్లేయరు తన లెక్కలతో సరిదిద్దుకోగలదు. వరస వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా నెట్టుకొస్తుంది. గుండ్రటి గీత వరసను పొడుగునా మింగేస్తుంది.

ఇంకొక మాట. మెరిసే వైపు గీతలు పడితే అందరూ కంగారుపడతారు. నిజానికి ప్రమాదం పేరు రాసే వైపు ఎక్కువ. పాటను మోసే పొర ఆ వైపు పల్చటి పూత కిందే ఉంటుంది. అక్కడ గీసుకుంటే ఆ భాగం పోయినట్టే. డిస్కును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సూదిబెజ్జాల్లా వెలుగు కనిపిస్తే ఆ చోట పొర ఊడిందన్నమాట.

లెన్సు తుడిచే పద్ధతి

ముందుగా ప్లగ్గు పీకెయ్యండి. బ్యాటరీలుంటే తీసెయ్యండి. ఇది మరచిపోకూడదు సుమా! ఈ లేజరు కంటికి కనపడదు. వెలగడం లేదు కదా అని తొంగి చూస్తే కంటికి ముప్పు.

పైన మూత తెరిచే రకమైతే లెన్సు ఎదురుగానే కనిపిస్తుంది. చిన్న రబ్బరు బల్బుతో గాలి కొట్టి దుమ్ము పోగొట్టండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. తర్వాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క ఇయర్ బడ్‌కు అద్ది, పసిపిల్ల కంటికి కాటుక దిద్దినంత మెత్తగా తుడవండి. లెన్సు సన్నని తీగల మీద నిలబడి ఉంటుంది. గట్టిగా నొక్కితే వంగిపోతుంది. పది నిమిషాలు ఆరాక డిస్కు పెట్టి చూడండి.

ట్రే రకమైతే లెన్సు లోపల ఉంటుంది. బ్రష్షు ఉన్న క్లీనింగ్ డిస్కు ఒకసారి వాడి చూడండి. ఫలితం లేకపోతే, స్క్రూలు విప్పడం అలవాటు లేనివారు మెకానిక్కుకు చూపించడమే మేలు.

చేయకూడనివి

కిరోసిన్, సెంటు, గోళ్ళరంగు తుడిచే ద్రవం డిస్కుకు గానీ, లెన్సుకు గానీ తగలనివ్వకండి. డిస్కు మీద బాల్‌పెన్నుతో రాయకండి, కాగితం అతికించకండి. లోపలి చిన్న స్క్రూ తిప్పితే లేజరుకు బలం వస్తుందని ఎవరైనా అంటే వినకండి. నాలుగు రోజులు ఆడి, ఆ తర్వాత మొత్తానికే ఆరిపోవచ్చు.

వరద నీళ్ళలో తడిస్తే

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి మనం మరచిపోలేం. అలాంటప్పుడు మునిగిన ప్లేయరును ఆరిందిగదా అని ప్లగ్గులో పెట్టకండి, షాకు కొట్టొచ్చు. డిస్కుల మీద మాత్రం ఆశ వదులుకోనక్కర్లేదు. బురద ఎండక ముందే, రుద్దకుండా, మంచినీళ్ళలో నానబెట్టి కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పెడితే డిస్కు వంగుతుంది, రాయించినదైతే రంగు కూడా పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం

గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గారి భగవద్గీత డిస్కు పాడైతే ఆ పాట మరోచోట దొరుకుతుంది. మీ పెళ్ళి తలంబ్రాలు, అమ్మమ్మ గొంతులో మంగళహారతి ఎక్కడ దొరుకుతాయి? వీడియో క్యాసెట్లు పాడవుతున్నాయని సీడీల్లోకి ఎక్కించుకున్నాం. ఆ రాయించిన డిస్కుల్లో బొమ్మనీ, మాటనీ పట్టివుంచేది ఒక రంగుపూత. వెలుతురుకు, వేడికి, చెమ్మకు అది ఏటేటా వెలిసిపోతుంది.

కాబట్టి ప్లేయరు బాగుపడినా, పడకపోయినా ముందు కాపీ చేయించండి. కంప్యూటరుకు తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి చాలు. ప్లేయరు చదవలేని డిస్కును కూడా ఒక్కోసారి అది చదువుతుంది. ఒక డ్రైవు కాదంటే ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. పెళ్ళి వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో డాట్ ఫైళ్ళుంటాయి, వాటిని కాపీ చేసుకుంటే సరి. పాటల డిస్కునైతే ‘రిప్’ చేసే సాఫ్ట్‌వేరుతో ఎక్కించాలి. పెన్‌డ్రైవులో ఒకటి, మీ అమ్మాయి ఇంట్లోనో అబ్బాయి ఇంట్లోనో మరొకటి ఉంచండి. రెండు చోట్ల ఉంటేనే భద్రం.

ఈ ఆదివారం వంట ముగించి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, బీరువాలోని డిస్కులన్నీ కిందికి దించండి. కంపెనీవి ఒక కుప్ప, రాయించినవి ఒక కుప్ప. రెండో కుప్పతోనే పని మొదలుపెట్టండి!