నిప్పులో పుట్టిన రాళ్లు చెప్పే ఖండాల చరిత్ర

శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల అవుతుంది. అది ఎప్పుడు, ఎక్కడ, ఎంత లోతున పుట్టిందో తెలిపే ఆనవాళ్లు ఆ రాతిలోనే ఉంటాయి. భూఫలకాలు ఎప్పుడు విడిపోయాయో, ఎక్కడ ఢీకొన్నాయో శాస్త్రవేత్తలు వాటి ఆధారంగా లెక్కగడతారు. అలాంటి రాళ్లకు తెలుగు నేల పెట్టింది పేరు.

★ రాతి వయసు చెప్పేది జిర్కాన్. గ్రానైట్‌లో ఇసుక రేణువంత ఉండే ఈ స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. అందుకే ఇప్పుడు అందులో ఉన్న సీసం దాదాపు అంతా యురేనియం క్షీణించగా ఏర్పడిందే. ఆ రెండింటి నిష్పత్తి కొలిస్తే వయసు తేలిపోతుంది. హైదరాబాద్ గుట్టల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ జిర్కాన్లలో కొన్నిటికి ఏకంగా 440 కోట్ల ఏళ్లు!

★ లావా చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగగానే అందులోని మాగ్నెటైట్ రేణువులు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుకుంటాయి. ఆ దిశ భూమధ్యరేఖ దగ్గర నేలకు సమాంతరంగా, ధ్రువాల దగ్గర నిటారుగా ఉంటుంది. ఆ వాలును బట్టి రాయి ఏ అక్షాంశంలో పుట్టిందో చెప్పవచ్చు. నోబెల్ గ్రహీత పి.ఎం.ఎస్. బ్లాకెట్ బృందం 1950లలో దక్కన్ లావా రాళ్లను ఇలాగే పరీక్షించింది. ఆ లావా పారిన కాలంలో భారతదేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేదని తేలింది. ఖండాలు కదులుతాయంటే చాలామంది శాస్త్రవేత్తలే నమ్మని రోజులవి.

★ గద్వాల ప్రాంతంలో బోనినైట్ అనే అరుదైన లావా శిల ఉంది. ఈ రకం శిలలు జపాన్‌కు చెందిన బోనిన్ దీవుల్లో పేరుపొందాయి. అక్కడ సముద్రం అడుగున ఒక ఫలకం మరో ఫలకం కిందికి దిగుతోంది. 250 కోట్ల ఏళ్లకు పూర్వమే గద్వాల ప్రాంతంలోనూ అలాంటిదే జరిగిందనడానికి ఈ రాయిని ఆధారంగా చూపిస్తారు.

★ నెల్లూరు ప్రాంతంలోని కండ్ర, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గరి శిలల్లో పాత సముద్రపు అడుగు ముక్కలను పరిశోధకులు గుర్తించారు. కండ్ర శిలల వయసు సుమారు 185 కోట్ల ఏళ్లు, కనిగిరివి సుమారు 133 కోట్ల ఏళ్లు. అంటే మన నేల తూర్పు అంచున మహాసముద్రాలు పుట్టి, మూసుకుపోయిన కథ ఒక్కసారితో అయిపోలేదన్నమాట.

★ గ్రానైట్‌ను చీల్చుకుంటూ గోడలా సాగే నల్లరాయిని డైక్ అంటారు. భూమి పైపొర సాగి పగిలినప్పుడు ఆ చీలికల్లోకి శిలాద్రవం ఎక్కి ఇవి ఏర్పడతాయి. తెలంగాణ, రాయలసీమ, కర్ణాటకల్లో ఇవి విస్తారం. వీటిలో ఒక పెద్ద సమూహం సుమారు 237 కోట్ల ఏళ్ల నాటిది. వేర్వేరు ఖండాల్లో ఒకే వయసు డైక్‌లు దొరికితే, ఒకప్పుడు ఆ ఖండాలు కలిసి ఉండేవా అని వాటి దిశలను సరిపోల్చి పరిశీలిస్తారు.

★ అనంతపురం జిల్లా వజ్రకరూరులోని కింబర్లైట్ శిలలు సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట వజ్రాలను మోసుకుంటూ పైకి తన్నుకొచ్చాయి. వజ్రాలు నిలిచేది దాదాపు 150 కిలోమీటర్లు, అంతకంటే లోతున. కాబట్టి అప్పట్లో ఈ నేల కింద చల్లని, దళసరి పునాది ఉండేదని అర్థం.

★ రాజమహేంద్రవరం సమీపంలోని పంగిడి నల్లరాయి కూడా లావానే. దీని రసాయన కూర్పు, వయసు పడమటి కనుమల లావాతో కలుస్తాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఇది పాత నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని పలువురు శాస్త్రవేత్తల అభిప్రాయం.

★ కర్ణాటకలోని మరడిహళ్లిలో నీటి అడుగున గడ్డకట్టిన లావా దిమ్మెలను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కాపాడుతున్నారు. మన గుట్టలకూ ఆ రక్షణ కావాలి. రాయి పుట్టినచోటే, కదలకుండా ఉంటేనే అందులోని అయస్కాంత దిశకు అర్థం ఉంటుంది. కంకరగా మారితే ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు. మీ ఊరి గుట్టను పేల్చకముందే భూగర్భ శాస్త్రవేత్తలకు చూపించండి, పిల్లలకు దాని వయసు చెప్పండి.